లేక్‌ఫ్రంట్ ఇల్లు, ముట్టుకోకూడని నీళ్లు: క్లియర్ లేక్‌లో మా లాంగ్ వీకెండ్

మొత్తం 1,013 డాలర్లు. ఇంటి అద్దె రాత్రికి 339 చొప్పున రెండు రాత్రులకి 678, క్లీనింగ్ ఫీజు 165, బుకింగ్ సైటు వాళ్ల సర్వీస్ ఫీజు 108, పన్ను 62. ఇంత పోసి మేం కొనుక్కున్నది ఎండాకాలంలో కిటికీలు బిగించుకుని కూర్చునే భాగ్యం. మిగతా ట్రిప్పు బాగానే జరిగింది, కొన్ని చోట్ల చాలా బాగా జరిగింది. అయినా ఈ ఇంటి సంగతి ముందు కక్కేస్తే తప్ప పిట్టల గురించి రాయబుద్ధి కావడం లేదు.

మా ఆయన లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) వీకెండ్‌కి మొదట టాహో సరస్సు చూశాడు. రేట్లు చూసి ల్యాప్‌టాప్ మూసేశాడు. అత్తయ్యగారూ మామయ్యగారూ ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మామయ్యగారు కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసిన మనిషి. గోల్డెన్ గేట్ చూపిస్తే మొహమాటానికి బాగుందంటారు గానీ, నీళ్లూ చేపలూ కనిపిస్తేనే ఆయన మొహంలో కళ వస్తుంది. అలా తేలింది క్లియర్ లేక్. ఫ్రీమాంట్ నుంచి మూడు గంటల దూరం. పూర్తిగా కాలిఫోర్నియా లోపలే ఉన్న సహజమైన మంచినీటి సరస్సుల్లో ఇదే పెద్దది. పక్కనే కొనోక్టి అనే పాత అగ్నిపర్వతం, చుట్టూ ఐదారు చిన్న ఊళ్లు. దారిలో కాలిస్టోగా దాటాక 29వ నంబరు రోడ్డు మీద కొండ మలుపులు ఎక్కువ. మా అబ్బాయికి వాంతులయ్యాయి. అంతకు మించి ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు.

ఇల్లు క్లియర్‌లేక్ ఓక్స్ వైపు. ప్రకటనలో సొంత డెక్కు, దాని మీంచి నీళ్లలోకి దూకుతున్న పిల్లలు, నీలంగా మెరిసే సరస్సు. కారు డోరు తీయగానే కొట్టింది కంపు. సెప్టిక్ ట్యాంకు లీకయిందేమో అనుకున్నాం. డెక్కు మీదకెళ్లి చూస్తే, ఒడ్డున పది పదిహేను అడుగుల మేర నీళ్ల మీద చిక్కటి ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టుంది. అల కొట్టినా చిందడం లేదు, ఊరికే బరువుగా ఊగుతోంది. రాళ్ల మీద ఆరిపోయిన చోట అదే పదార్థం నెమలికంఠం రంగుకి తిరిగి, అంచుల దగ్గర తెల్లగా పెచ్చులు కట్టింది. మధ్యలో పొట్ట ఉబ్బిన ఒక పెద్ద కార్పు చేప.

మామయ్యగారు ఏమీ అనకుండా ఒక పుల్ల తెచ్చి అందులో ముంచి పైకెత్తారు. "చూడమ్మాయ్, పీచు పాచి అయితే పుల్లకి జుట్టులా చుట్టుకుని వస్తుంది. ఇది రంగులా అంటుకుని కారిపోతోంది. ఇది చెడ్డది. మా చెరువుల్లో ఇది పడితే తెల్లవారుజామున చేప నోళ్లు తెరుచుకుని పైకొచ్చేసేది. బతికిన చేప కూడా మట్టివాసన వేసి రేటు పడిపోయేది. పిల్లాణ్ణి దగ్గరికి రానీకండి."

ఆయన పుల్లతో చేసింది ఇక్కడి వాళ్లు కూడా చేసే పరీక్షేనని తర్వాత తెలిసింది. దీన్ని బ్లూమ్ అంటారు. సయనోబాక్టీరియా, అంటే మనవాళ్లు నీలి ఆకుపచ్చ నాచు అనేది. అన్నిసార్లూ విషం కాదు. విషమైనప్పుడు మాత్రం మైక్రోసిస్టిన్ అనేది కాలేయం మీద పనిచేస్తుంది, అనాటాక్సిన్ అనేది నరాల మీద. ఒడ్డున నీళ్లు తాగిన కుక్కలకి ప్రాణాల మీదకొస్తుంది. కంటితో చూసి విషం ఉందో లేదో చెప్పలేం, నీళ్లు పరీక్ష చేయాల్సిందే.

సరే, ఈత పోతే పోయింది. అసలు కథ వంటింట్లో జరిగింది. అత్తయ్యగారు వచ్చీ రాగానే కుళాయి నీళ్లతో బియ్యం కడిగి నానబెట్టారు, కాఫీ డికాషన్‌కి నీళ్లు స్టవ్ మీద పెట్టారు. గిన్నెలు తోమే లిక్విడ్ కోసం నేను సింకు కింద అలమర తెరిస్తే, తలుపు లోపలి వైపు, తెరిచి వంగి చూస్తే తప్ప కనపడని చోట, ఒక కాగితం అంటించి ఉంది. ఈ ఇంటికి నీళ్లు సరస్సు నుంచి సొంత పైపుతో వస్తాయి, తాగడానికి బాటిల్ నీళ్లు వాడుకోండి అని. ప్రకటనలో లేదు, చెక్-ఇన్ మెసేజ్‌లో లేదు, ఫ్రిజ్ మీద లేదు. సింకు కింద ఉంది.

"మరిగించాం కదా, పోదా?" అన్నారు అత్తయ్యగారు. పోదు. ఈ విషం మరిగిస్తే పోయేది కాదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో బిగించుకునే మామూలు ఫిల్టర్లనీ నమ్మడానికి లేదు. ఊళ్ల నీటి సరఫరా సంస్థలు కూడా చాలావరకు ఈ సరస్సు నీళ్లే తీసుకుంటాయి, కానీ వాటికి శుద్ధి కేంద్రాలున్నాయి, పరీక్షలున్నాయి. సమస్యంతా సొంత పైపు వేసుకుని తోడుకునే ఇళ్లతోనే. 2021 సెప్టెంబరులో కౌంటీ ఆరోగ్య శాఖ అలాంటి ఇళ్లవాళ్లని ఆ నీళ్లు తాగొద్దని హెచ్చరించింది కూడా. అంటే ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయనకి తెలియదనుకోవడానికి వీల్లేదు.

బియ్యం పారబోశాం. మా ఆయన మళ్లీ కారు తీసుకెళ్లి గ్యాలన్ నీళ్ల బాటిళ్లు ఆరు తెచ్చాడు, ఒక్కోటి 1.89 చొప్పున 11.34 డాలర్లు. ఇంటాయనకి మెసేజ్ పెడితే పావుగంటలో జవాబు: "సరస్సు ప్రకృతి కదండీ, దానికి నేనేం చేయగలను? స్నానానికి పర్వాలేదు." ఆ రాత్రి ఎవరూ స్నానం చేయలేదు. మామయ్యగారు 1,013ని రూపాయల్లోకి మార్చి, ఆ అంకె ఒకసారి పైకి చెప్పి పడుకున్నారు. ఆయన తిట్టినా బాగుండేది.

పొద్దున్నే పక్కనున్న బోట్ ర్యాంప్ దగ్గరికి నడిచాం. అక్కడ ఒక అమ్మాయి మోచేతుల దాకా గ్లౌజులేసుకుని, సీసాల్లో నీళ్లు పట్టి ఐస్ బాక్సులో సర్దుకుంటోంది. మామయ్యగారు నన్ను ముందుకు తోశారు, అడగమని. ఇక్కడి పోమో ఆదివాసీ తెగల్లో బిగ్ వ్యాలీ, ఈలెమ్ అని రెండున్నాయని చెప్పిందా అమ్మాయి. ఈ పరీక్షలు 2014లో మొదలుపెట్టింది వాళ్లే. సరస్సు చుట్టూ శాంపిల్స్ తీసి, ఏ ఒడ్డున ఎంత విషం ఉందో అందరూ చూసేలా ఇంటర్నెట్లో పెడతారు, ఉచితంగా. లీటరుకి 0.8 మైక్రోగ్రాముల మైక్రోసిస్టిన్ ఉంటే జాగ్రత్త బోర్డు, 6 దాటితే ఈత వద్దు, 20 దాటితే నీళ్ల జోలికే పోవద్దు. ర్యాంప్ దగ్గర ఆ బోర్డు ఉంది. మా ఇంటి డెక్కు మీద లేదు. మా డబ్బు తీసుకున్నవాడు దాచిపెట్టిన సంగతి, మా దగ్గర పైసా తీసుకోనివాళ్లు నిలబెట్టి చెప్పారు. నాకు ఈ ట్రిప్పులో అన్నిటికంటే ఒళ్లు మండింది ఇక్కడే.

మామయ్యగారి ప్రశ్న వేరు. ఇంత చల్లటి దేశంలో, చెరువు గట్లు లేని చోట, ఇది ఎందుకు పడుతోంది? సరస్సు లోతు తక్కువ, సగటున 27 అడుగులే. వేసవిలో నీళ్లు బాగా వేడెక్కుతాయి. చుట్టూ వాగుల నుంచి వందేళ్లకు పైగా మట్టి కొట్టుకొచ్చి పడుతోంది, దాంతో పాటు నాచుకి ఎరువులా పనిచేసే ఫాస్ఫరస్. ఆ మట్టిని ఆపే తూలు రెల్లు మడుగుల్ని చాలావరకు పూడ్చి పొలాలు చేసేశారు. అడుగున పేరుకున్న ఫాస్ఫరస్ వేసవిలో మళ్లీ పైకొస్తుంది. గాలి వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి తేలే నాచంతా తూర్పు, ఆగ్నేయ కొసలకి, అంటే సరిగ్గా మా ఇంటి వైపుకి చేరుతుంది. ఇదంతా విని ఆయన, "మేత వేసి మనం పెంచితే వచ్చింది, ఇక్కడ వేయకుండానే వచ్చింది" అన్నారు. కొల్లేరు గురించి ఇంకేదో అనబోయి ఆగిపోయారు.

ఆ ఒడ్డునే సల్ఫర్ బ్యాంక్ పాదరసం గని ఉంది. 1957లో మూసేశారు. 1990 నుంచి కేంద్ర ప్రభుత్వం శుభ్రం చేయాల్సిన కలుషిత స్థలాల జాబితాలో ఉంది. ఈలెమ్ వాళ్ల ఊరు దాన్ని ఆనుకునే. కాబట్టి ఇక్కడ చేపలు తినడంలోనూ హద్దులు చెప్తారు. ఎవరైనా పట్టి ఇస్తామన్నా వద్దనండి.

రెండో రాత్రికి ఇల్లు ఖాళీ చేసి పడమటి ఒడ్డున లేక్‌పోర్ట్‌లో ఒక మోటల్‌కి మారాం. పన్నుతో 134 డాలర్లు. పాత కార్పెట్, గొంతు చించుకునే ఏసీ, కానీ ఊరి నీళ్లు. అత్తయ్యగారు కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అక్కణ్ణుంచి మా ట్రిప్పు బాగుపడింది.

లోయర్ లేక్ దగ్గరున్న ఆండర్సన్ మార్ష్ స్టేట్ హిస్టారిక్ పార్క్‌కి తప్పకుండా వెళ్లండి. మిగిలిన తూలు మడుగుల్లో పెద్దవి అక్కడే ఉన్నాయి. బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న ఒక ముసలాయన, వాలంటీరట, మేం తెలుగులో గోల చేస్తూ నడుస్తుంటే విసుక్కోకుండా ఆగి, తన బైనాక్యులర్స్ తీసి మావాడి మెడలో వేశాడు. ఆయన చూపించింది గ్రీబ్ అనే పక్షి. నల్లటి తల, తెల్లటి పొడుగాటి మెడ, ఎర్రటి కన్ను. వీపు మీద రెక్కల మధ్య నుంచి బూడిద రంగు పిల్ల తల బయటపెట్టి ఉంది. మగ పక్షి చిన్న చేప తెచ్చి నోటికందించింది. పిల్ల దాన్ని అడ్డంగా పట్టుకుని మింగలేక, కింద పడేసుకుని, మళ్లీ అడిగింది. ఈత లేదని ముందురోజు నుంచి మూతి ముడుచుకున్న మావాడు అక్కడ్నించి కదలనన్నాడు.

ఈ గ్రీబులకి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. జనాన్ని కుట్టని ఒక రకం చిన్న దోమలు రాత్రిళ్లు దీపాల చుట్టూ ముసురుకుంటున్నాయని, 1949, 1954, 1957ల్లో సరస్సంతా డీడీడీ అనే పురుగుమందు కలిపారు. చాలా పలచగానే కలిపారు. అది నాచులోంచి చిన్న చేపలకి, వాటినుంచి పెద్ద చేపలకి, అక్కడ్నించి గ్రీబుల కొవ్వులోకి చేరి పోగుపడింది. సుమారు 1,000 జంటలు గూళ్లు కట్టే చోట 30 జంటలు మిగిలాయి, వాటికీ పిల్లలు దాదాపు లేవు. మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు వాటికి భయం మోటార్ బోట్ల అలలు. గూళ్లు రెల్లుని ఆనుకుని నీళ్ల మీదే తేలుతుంటాయి కాబట్టి, ఒక్క స్పీడ్ బోటు దగ్గరగా వెళ్తే గుడ్లు నీళ్లపాలు. మేం లేక్‌పోర్ట్‌లో ఇద్దరు పట్టే కయాక్ రెండు గంటలకి 45 డాలర్లకి తీసుకున్నప్పుడు, అద్దెకిచ్చినాయన లైఫ్ జాకెట్ కంటే ముందు చెప్పింది ఇదే, రెల్లు దగ్గరికి పోవద్దని. సొంత కయాక్ తెచ్చుకునేవాళ్లకి ఒక మాట: బయటి ఆల్చిప్పలు రాకుండా ఇక్కడ పడవలన్నిటికీ తనిఖీ చేసి స్టిక్కర్ వేస్తారు. అది లేకుండా దింపకూడదు. దూరం నుంచి తెల్ల పెలికాన్ల గుంపు కూడా కనిపించింది. "మన ఆటపాక గూడబాతులే, తెల్లబడ్డాయి" అని మామయ్యగారు తేల్చేశారు.

ఆయన్ని నిజంగా కదిలించింది మాత్రం కనిపించని చేప. క్లియర్ లేక్ హిచ్ అని, పోమోలు చీ అంటారు, ఈ సరస్సులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. వసంతంలో కెల్సీ క్రీక్, అడోబీ క్రీక్ లాంటి వాగులెక్కి గుడ్లు పెడుతుంది. పోమోలు దాన్ని పట్టి ఎండబెట్టి చలికాలమంతా తినేవారు. వాగులు ముందే ఎండిపోవడం, అడ్డుకట్టలు, బయటినుంచి తెచ్చి వదిలిన చేపలు కలిసి దాన్ని 2014లో రాష్ట్రం ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించే దాకా తెచ్చాయి. ఎండిన కెల్సీ క్రీక్ వంతెన మీద నిలబడి మామయ్యగారు అటూ ఇటూ చూసి, మా ఆయన్ని పిలిచి, చేప ఎక్కాలంటే ఎక్కడెక్కడ మెట్లు కట్టాలో చూపించారు. ఎవరూ అడగలేదు. అరగంట పట్టింది.

కెల్సీవిల్ పియర్ పళ్లకి పేరు. తోట దగ్గర బల్ల మీద పది పౌన్ల పెట్టె 12 డాలర్లు. అత్తయ్యగారు గట్టివే ఏరించి, ఇంటికొచ్చాక పచ్చిమిరపకాయలూ ఆవపిండీ వేసి పచ్చడి చేశారు. బుధవారానికి సీసా ఖాళీ.

వెళ్లాలనుకునేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. గ్రీబులు జంటలు జంటలుగా నీళ్ల మీద నిలువునా పరుగెత్తే ఆట అప్పుడే, నాచు కూడా ఇంత ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు అయితే బుక్ చేసే ముందు బిగ్ వ్యాలీ వాళ్ల పరీక్ష ఫలితాల పేజీ చూడండి. కుళాయి నీళ్లు ఊరివా, సరస్సువా అని ఇంటాయన్ని రాతపూర్వకంగా అడగండి. డొంకతిరుగుడుగా జవాబిస్తే మోటల్ చాలు.

డబ్బు సంగతి: సైటు వాళ్లతో మా ఆయన మూడు వారాలు చాటింగ్ చేశాడు. నాచు తమ పాలసీలో లేదన్నారు. సింకు కింది కాగితం ఫొటో పంపాక రెండో రాత్రి అద్దెలో సగం, 169.50 డాలర్లు వెనక్కిచ్చారు. ఇంటాయన మా మీద రాసిన రివ్యూ కూడా వచ్చింది: ఇల్లు శుభ్రంగా ఉంచారు, నీళ్ల విషయంలో మాత్రం చాదస్తం మనుషులు అని. మామయ్యగారికి చదివి వినిపిస్తే, ఆయన పళ్లెంలో పచ్చడి కలుపుకుంటూ, "అయిదుకి ఎన్ని చుక్కలిచ్చాడు?" అన్నారు. నాలుగు.