టూ స్పీడ్ పూల్ పంపు: మోటార్ బంగారం, రిలే ఇత్తడి

ఇన్నేళ్ళ వాడకం తర్వాత మోటార్ మీద ఫిర్యాదేమీ లేదు. లో స్పీడ్‌లో పంపు నడుస్తోందో లేదో చెవి పెట్టి వినాల్సిందే. వేగం సగమైతే ప్రవాహం సగమవుతుంది, నీటిని తోయడానికి కావలసిన శక్తి మాత్రం ఎనిమిదో వంతుకు దిగుతుంది. నా గొడవంతా స్పీడు మార్చే ఆ చిన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) తోనే.

జబ్బు ఇలా బయటపడుతుంది. హైలో చక్కగా తిరుగుతుంది. లోకి మార్చగానే మూలుగుతుంది, షాఫ్టు కదలదు, కాసేపటికి ఓవర్‌లోడ్ (వేడెక్కితే మోటార్‌ను ఆపే రక్షణ స్విచ్) కొట్టేస్తుంది. చూసినవాళ్ళంతా 'లో వైండింగ్ (లో స్పీడ్ తీగచుట్ట) కాలిపోయింది, మోటార్ మార్చాలి' అనేస్తారు. ముందు బ్రేకర్ ఆపి, కరెంటు లేదని మీటరుతో చూసుకుని, కరెంటు నిలవ ఉంచుకునే కెపాసిటర్‌ను 20,000 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మోటార్ చల్లబడ్డాక వైండింగ్ కొలవండి. వేడిగా ఉంటే ఓవర్‌లోడ్ తెరుచుకుని ఉండి, బాగున్న వైండింగ్ కూడా తెగినట్టే కనిపిస్తుంది. కొద్ది ఓమ్‌లు చూపించి, బాడీకి ఎక్కడా తగలకపోతే వైండింగ్‌ను అనుమానించడం మానేయవచ్చు.

ఇక్కడ మీటరు కూడా మోసం చేస్తుంది. హైలో నడుస్తుండగా లో టెర్మినల్ మీద పెడితే వోల్టేజీ చూపిస్తుంది. రిలే అతుక్కుపోయి రెండు వైపులా కరెంటు ఇస్తోందనిపిస్తుంది. రెండు వైండింగులూ ఒకే ఇనుప కోర్ మీద ఉంటాయి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌లో లాగా ఒకదాని వల్ల రెండోదానిలో వోల్టేజీ పుడుతుంది, అంతే. బ్రేకర్ ఆపి లో వైరును రిలే నుంచి ఊడదీసి, కొసకు టేపు చుట్టి (హైలో నడిస్తే అదీ షాకు కొడుతుంది), మళ్ళీ హైలో నడుపుతూ ఖాళీ అయిన రిలే టెర్మినల్ మీద కొలవాలి. అక్కడ సున్నా వస్తే రిలే అతుక్కోలేదు.

అసలు పరీక్ష లోడు మీద చేయాలి. వైరు తిరిగి బిగించి, లోలో మోటార్ మూలుగుతున్న ఆ కొద్ది సెకన్లలో, రిలేలో మూసుకున్న కాంటాక్టుకు (కరెంటు దాటే లోహపు బిళ్ళల జతకు) అటూ ఇటూ మీటరు పెట్టాలి. బాగున్న కాంటాక్టు దాదాపు సున్నా చూపుతుంది. ఈ రిలేలో 40 వోల్టులు దాటింది. దారి తెగలేదని మీటరు మోతతో చెప్పే బీప్ పరీక్షలో మాత్రం శుభ్రంగా మోగింది. బీప్‌కు మిల్లీ ఆంపియర్లు చాలు, మోటార్‌కు చాలవు. 230 రావలసిన చోట 190 వస్తే టార్క్ (తిప్పే బలం) మూడో వంతు పోతుంది. లోలోనే స్టార్టయ్యే మోటార్ ఇక కదలదు. హైలో స్టార్టై సెంట్రిఫ్యూగల్ స్విచ్ (వేగం అందుకోగానే దానంతటదే మారే స్విచ్) తో లోకి దిగే రకంలో లక్షణాలు వేరుగా ఉంటాయి. అందులో లో వైండింగ్ తెగితే పరుగందుకుని, వదిలేసి, మళ్ళీ అందుకుంటూ ఉంటుంది.

కాంటాక్టు మాడడానికి కారణం ఆగకుండా హై నుంచి నేరుగా లోకి మార్చడం. ఆ క్షణంలో లో వైండింగ్ తిరుగుతున్న రోటార్‌కు బ్రేకు వేస్తుంది, కరెంటు ఎగదన్నుతుంది. నీళ్ళ ప్రవాహం ఆగేదాకా ఆపి, తర్వాత లో వేస్తే రిలే ఎక్కువ కాలం బతుకుతుంది. చీమల సంగతి సరేసరి: కాంటాక్టుల మధ్య నలిగి కాలితే మసి మిగులుతుంది. ఎమరీ కాగితంతో రుద్దితే పైపూత పోయి ఇంకా త్వరగా చెడుతుంది, రిలే మార్చడమే దారి. కొత్తది చేంజోవర్ రకమే (ఒక వైపు వదిలితేనే రెండో వైపు అందుకునేదే) కావాలి. రెండు విడి రిలేలు పెడితే ఎప్పుడో ఒకసారి రెండు వైండింగులకూ ఒకేసారి కరెంటు వెళ్తుంది. ఉత్త ఆంపియర్లు కాకుండా మోటార్ లోడుకు రాసిన హార్స్‌పవర్ రేటింగ్ చూడండి.

లో స్పీడ్‌ను మొదట్లో ఆకాశానికెత్తాను, ఇప్పుడు కొంచెం దించుతాను. లో వైండింగ్ దక్షత తక్కువ కాబట్టి కరెంటు ఖర్చు ఎనిమిదో వంతు దాకా దిగదు, నాలుగు, అయిదో వంతు దగ్గరే ఆగుతుంది. నీటి పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ బలహీనపడుతుంది. ఉప్పు క్లోరినేటర్, హీటర్ ఉంటే ప్రవాహం చాలక వాటి ఫ్లో స్విచ్ (నీటి ప్రవాహాన్ని పసిగట్టేది) మూసుకోకపోవచ్చు, అవి పనిచేయవు. ఇక్కడ హీటర్ లేదు, ఫిల్టర్ పెద్దది, అందుకే సరిపోతోంది. రోజులో ఎక్కువ గంటలు హైలోనే నడపాల్సిన పూల్ అయితే ఈ రిలే తలనొప్పి కొనుక్కోవడం ఎందుకో నాకు తోచడం లేదు.