ఒకే తెర, నాలుగు గదులు: వర్చువల్ డెస్క్‌టాప్‌లతో నా అనుభవం

నేను అనువాదకురాలిని. వైద్య కరపత్రాలు, యంత్రాల వాడకం పుస్తకాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తుంటాను. పనంతా పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ మీదే. మూలం ఉన్న పీడీఎఫ్, అనువాదం రాసుకొనే ఫైలు, ఆంధ్రభారతి నిఘంటువు తెరిచిన బ్రౌజర్, పదకోశం పట్టిక... ఒక్క పనికే నాలుగు విండోలు. అలాంటి పనులు రెండు మూడు ఒకేసారి నడుస్తుంటాయి. ఇక మెయిలు, బిల్లులు, ఇంటి కరెంటు బిల్లు కట్టే పేజీ సరేసరి. ఆల్ట్, ట్యాబ్ నొక్కుతూ కావలసిన విండో వెతుక్కొనేలోపు కుదురుతున్న వాక్యం కాస్తా జారిపోయేది.

వర్చువల్ డెస్క్‌టాప్‌లంటే ఒకే తెర మీద మార్చుకుంటూ వాడుకొనే వేర్వేరు డెస్క్‌టాప్‌లు, దేని విండోలు దానివే. విండోస్ 10లో ఇవి 2015 నుంచీ ఉన్నాయి. నేను వాడడం మొదలుపెట్టింది మాత్రం 2019 చివర్లో. కంట్రోల్, విండోస్, డి మీటలు కలిపి నొక్కితే ఖాళీ డెస్క్‌టాప్ ఒకటి వస్తుంది. కంట్రోల్, విండోస్ పట్టుకొని కుడి, ఎడమ బాణాలు నొక్కితే ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లవచ్చు. విండోస్, ట్యాబ్ నొక్కితే అన్నీ వరుసగా కనిపిస్తాయి. నేర్చుకోవలసింది ఇంతే.

ఈ ఆలోచన చాలా పాతది. 1986లోనే జిరాక్స్ సంస్థ పార్క్ పరిశోధన కేంద్రంలో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ ఇలాంటి వ్యవస్థను తయారుచేసి దానికి ‘రూమ్స్’ అని పేరు పెట్టారు. చిన్న తెర మీద విండోలు చోటు కోసం పోటీ పడుతున్నాయన్నదే వాళ్లు పట్టించుకున్న సమస్య. గదులన్న మాట నాకెంతో నచ్చింది. వంటింట్లో ఉన్నప్పుడు పడకగదిలోని మడతపెట్టని బట్టలు కళ్లబడవు కదా, సరిగ్గా అలాగే.

మొదట్లో ఒక పొరపాటు చేశాను. బ్రౌజర్‌కు ఒక గది, వర్డ్‌కు ఒక గది, మెయిలుకు ఒకటి అని ప్రోగ్రాములను బట్టి పంచాను. వాక్యం ఒక గదిలో, దానికి కావలసిన నిఘంటువు మరో గదిలో ఉండి తిరుగుడు రెట్టింపయింది. పనిని బట్టి పంచడం మొదలుపెట్టాకే హాయి అనిపించింది. ఇప్పుడు నావి నాలుగు: ఒక్కో అనువాదానికి ఒక్కోటి చొప్పున రెండు, మెయిలుకూ బిల్లులకూ కలిపి ఒకటి, సొంతానికి ఒకటి. ఐదోది పెట్టినప్పుడల్లా ఏది ఎక్కడుందో గుర్తుండక తీసేశాను. 2020 మే అప్‌డేట్‌తో గదులకు పేర్లు పెట్టుకొనే వీలు వచ్చింది. విండోస్ 11లో ఒక్కోదానికి వేరే నేపథ్య చిత్రం పెట్టుకోవచ్చు. బిల్లుల గదిలో చేమంతుల ఫొటో, రాసే గదిలో వరిచేను పెట్టుకున్నాను. పచ్చదనం కనబడగానే ఎక్కడున్నానో చదవకుండానే తెలిసిపోతుంది.

తెలుగులో టైపు చేసేవాళ్లకు తప్పక చెప్పవలసిన మాట ఒకటుంది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక వాడతాను. మెయిలు గదిలో ఇంగ్లీషులో జవాబు రాసి తిరిగి వచ్చి ‘కల’ అని కొడితే కె, ఎన్ అని ఇంగ్లీషు అక్షరాలు పడేవి. ప్రతిసారీ చెరపడం, కీబోర్డు మార్చడం, మళ్లీ కొట్టడం. సెట్టింగులలో కీబోర్డు అదనపు అమరికల దగ్గర, ఒక్కో యాప్ విండోకు వేరే కీబోర్డు పెట్టుకొనే వీలుంది. దాన్ని ఆన్ చేశాక రాసే ఫైలు తెలుగులో, మెయిలు ఇంగ్లీషులో అలాగే నిలిచి ఉంటున్నాయి. నాకు గదులు ఎంత మేలు చేశాయో ఈ చిన్న అమరికా అంత మేలు చేసింది.

పదకోశం పట్టిక రెండు అనువాదాలకూ కావాలి. విండోస్, ట్యాబ్ నొక్కి, ఆ విండో మీద కుడి క్లిక్ చేసి, అన్ని డెస్క్‌టాప్‌లలోనూ కనిపించేలా పెట్టాను. మెసేజీల యాప్‌ను మాత్రం అలా పెట్టకండి. అది ఒక గదికే పరిమితమై ఉండడంలోనే సుఖం ఉంది.

ఇక లోపాలు. కంప్యూటర్ రీస్టార్ట్ అయితే గదులు, పేర్లు, బొమ్మలు ఉంటాయి గానీ చాలా ప్రోగ్రాములు తమ పాత గదుల్లోకి వాటంతట అవి తిరిగి వెళ్లవు. అప్‌డేట్ వచ్చిన మరునాడు ఉదయం సామాను సర్దుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. అందుకే నేను రాత్రిపూట షట్‌డౌన్ చేయకుండా హైబర్నేట్ చేస్తాను, అంటే తెరిచినవన్నీ అలాగే దాచి ఆపేస్తాను. ఇంట్లో రెండో మానిటర్ తగిలించినప్పుడు మరో చిక్కు: గది మారితే రెండు తెరలూ కలిసే మారతాయి. మ్యాక్‌లో ఒక్కో తెరకు వేరే గదులు ఉంచుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు.

గదులన్నాను గానీ వీటికి తాళాలు లేవు. ఒక వీడియో సమావేశంలో తెర మొత్తం చూపిస్తుండగా టచ్‌ప్యాడ్ మీద నాలుగు వేళ్లు జరిగి పక్క గది తెరుచుకుంది. ఇంకా బయటికి రాని మరొకరి పత్రం మూడు నాలుగు క్షణాలు అందరికీ కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ నమ్మి ఇచ్చినవాళ్ల కాగితం అలా బయటపడినందుకు చాలా బాధపడ్డాను. ఆ రోజు నుంచి తెర మొత్తం ఎప్పుడూ చూపించను, ఆ ఒక్క విండోనే.

కంప్యూటర్ నెమ్మదిస్తుందా అని తోటి అనువాదకులు అడుగుతుంటారు. నాది 8 జీబీ ర్యామ్. గదుల వల్ల బరువు పెరిగినట్టు ఎప్పుడూ అనిపించలేదు. కళ్లకు కనబడడం లేదు కదా అని దేన్నీ మూయకుండా వదిలేస్తాం చూడండి, బరువు అక్కడ పెరుగుతుంది. అందుకని శుక్రవారం సాయంత్రం నాలుగు గదులూ తిరిగి, పని అయిపోయిన విండోలు మూసేస్తాను. గదిని మూసినంత మాత్రాన అందులోని విండోలు మూతపడవు, పక్క గదిలోకి చేరతాయి. ఇది తెలియక కొత్తలో కంగారుపడ్డాను.