ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈయా, యూనివర్సిటీలో ఈఈఈయా: ఏది మేలు?

ఎప్‌సెట్‌లో (ఇళ్లలో ఇప్పటికీ ఎంసెట్టే) మొదటి వెయ్యిలో నిలిచినవాళ్లకు ఈ వ్యాసం అక్కర్లేదు. నలిగిపోయేది నడిమి ర్యాంకుల పిల్లలే. వాళ్ల ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి, ఈమధ్యే సీట్లు పెంచుకున్న ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ). రెండోది, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ క్యాంపస్‌ల వంటి చోట ఈఈఈ (ఎలక్ట్రికల్), మెకానికల్ లేదా సివిల్. బంధువులందరూ మొదటిదానికే ఓటేస్తారు. నా ఓటు మాత్రం చాలామంది విషయంలో రెండోదానికే, కొన్ని షరతులతో.

సీఎస్ఈ మోజు ఊరికే పుట్టింది కాదు. హైదరాబాద్‌లో కొలువులన్నీ అటే కనిపిస్తుంటే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. చిక్కంతా సరఫరాలో ఉంది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేయడంతో, పేరున్న కాలేజీలు సీఎస్ఈలోనూ, దానికి ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ తోకలు తగిలించిన బ్రాంచీల్లోనూ సెక్షన్లు పెంచుకున్నాయి. సెక్షన్లు ఒక్క ఉత్తర్వుతో వస్తాయి, పాఠం చెప్పగల అధ్యాపకులు అలా రారు. గేటు మీద న్యాక్ గ్రేడు ఫ్లెక్సీ చూసి మురిసిపోవద్దు. న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచీది. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించాక గానీ ఏ బ్రాంచీకీ ఎన్‌బీఏ రాదు. అంటే నిన్న మొదలైన కోర్సుకు అది ఉండే వీలే లేదు.

ఇక యూనివర్సిటీ క్యాంపస్. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి నడుస్తోంది. పూర్వ విద్యార్థుల బలగం, లైబ్రరీ, కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో) రెగ్యులర్ కోర్సుల తక్కువ ఫీజు, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివే సీనియర్ల సావాసం దాని ఆస్తులు. లోపాలూ దాచక్కర్లేదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలున్నాయి. హాస్టల్ గోడల సున్నం గురించి చెప్పకపోవడమే మంచిది.

ఏ కాలేజీకి వెళ్లినా ఒక పని చేయండి. ల్యాబ్ బయట నిలబడ్డ రెండో ఏడాది విద్యార్థిని పలకరించి, రికార్డు చూపించమనండి. డీసీ మోటారు ప్రయోగంలో అతని రీడింగులు, పక్కవాడి రీడింగులు దశాంశంతో సహా ఒకటే అయితే మోటారు తిరగలేదని అర్థం. రెండూ కొంచెం తేడాగా ఉండి, ఒక గడి కొట్టేసి మళ్లీ రాసి ఉంటే అక్కడ ఎవరో నిజంగా మీటరు చూశారు. ప్లేస్‌మెంట్ బ్రోచర్ కంటే ఆ కొట్టివేతనే నేను ఎక్కువ నమ్ముతాను.

నా మొగ్గుకు అసలు కారణం వేరే ఉంది. ఈఈఈ చదివినవాడు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగలడు. టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీలు ప్రవేశస్థాయి ఉద్యోగాలకు అన్ని బ్రాంచీలవారినీ తీసుకుంటాయి. గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపరు రాసుకోవచ్చు, 2024లో వచ్చిన డేటా సైన్స్, ఏఐ పేపరూ రాయొచ్చు. మరి సీఎస్ఈ చదివినవాడు కరెంటు సరఫరా సంస్థ ట్రాన్స్‌కోలో ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టుకు దరఖాస్తు చేయాలంటే? అర్హత దగ్గరే ఆగిపోతాడు. సాగునీటి శాఖలో సివిల్ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టులకూ అంతే. ఒక తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది, రెండోది ఒకవైపే. అయితే కొన్ని ప్రోడక్ట్ కంపెనీలు సీఎస్ఈ, ఐటీ, ఈసీఈ వాళ్లనే పిలుస్తాయి. ఈ మాట యూనివర్సిటీ సీనియర్లను అడిగి రూఢి చేసుకోండి.

షరతులు ఇవీ. కరెంటు, యంత్రాలు అంటే పిల్లకు ఒళ్లుమంట అయితే ఈఈఈ వద్దు. పవర్ సిస్టమ్స్‌లో రెండు బ్యాక్‌లాగ్‌లు పడితే యూనివర్సిటీ పేరు ఏమీ ఆదుకోదు. ఇంటర్ నుంచే సొంతంగా కోడ్ రాస్తున్న పిల్లాడైతే సీఎస్ఈకే వెళ్లనివ్వండి, ప్రైవేటైనా సరే. కాకపోతే పాత సెక్షన్లూ, పాత అధ్యాపకులూ ఉన్న అటానమస్ కాలేజీ (సిలబస్, పరీక్షలు తనే చూసుకునేది) వెతకండి.

మూడో రకం పిల్లలు కొద్దిమంది ఉంటారు. ఫిజిక్స్ లెక్క జవాబు వచ్చాక కూడా వదలరు. వాళ్లను ఈ రెండింటిలోకీ తోయకండి. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో (సైన్స్ విద్య, పరిశోధనల కేంద్ర సంస్థ) డిగ్రీ, పీజీ కలిపిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, ప్రవేశం ఐసర్ల సొంత పరీక్ష ఐఏటీతో. నాలుగేళ్లకే జీతం కావాలనుకునే ఇంటికి మాత్రం అది సరిపోదు. ఆ దారి ఎక్కువగా పీహెచ్‌డీ వైపు పోతుంది.

చివరగా వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కాలేజీలను, బ్రాంచీలను ఇష్టం వరుసలో పెట్టడం. నిరుటి కటాఫ్ చూసి 'ఇది మనకు రాదులే' అని ఇష్టమైన సీటును కిందకు నెట్టకండి. పైన పెట్టి రాకపోతే నష్టం లేదు, తర్వాతి ఆప్షన్‌ను చూస్తారు. కింద పెడితే మాత్రం అంతకు ముందున్నది అంటగడతారు. తర్వాతి విడతలో పై ఆప్షన్ దక్కితే చేతిలో ఉన్న పాత సీటు దానంతటదే రద్దయిపోతుంది. కాబట్టి దొరికితే నిజంగా చేరతామనుకున్నవే పైన ఉంచండి.