ఆరేళ్లు రెక్కలు మడిచాక: బటన్ పిన్ను నుంచి పిన్నీసు దాకా

నా దగ్గర ఉన్నది రెండు సీట్ల హోమ్‌బిల్ట్ విమానం, అంటే ఫ్యాక్టరీలో కాకుండా సొంతంగా కట్టుకునే రకం. 1983లో వచ్చిన డీన్ విల్సన్ అవిడ్ ఫ్లయర్, ఆ మరుసటి ఏడాది వచ్చిన డాన్ డెన్నీ కిట్‌ఫాక్స్, వాటి వంశానికి చెందినది. రెక్క పొడవునా లోపల ఉండే దూలాన్ని స్పార్ అంటారు. ముందు స్పార్‌ను బాడీకి పట్టి ఉంచే పిన్ను తీస్తే, రెక్క వెనక స్పార్ దగ్గరి కీలు మీద తిరిగి తోక వైపుకు వెళ్లిపోతుంది. ఇంజిన్, వేగం, పెట్రోలు ఖర్చు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పేది ఆ ముందు పిన్ను గురించి మాత్రమే. రెక్కకు ఒకటి చొప్పున రెండు. నా వేలంత పొడవు కూడా ఉండవు, రెక్క మొదలు నిలిచేది మాత్రం వాటి మీదే.

మేం ఉండేది డాలస్ శివార్లలో. హ్యాంగర్ కోసం పేరు రాయించి ఏళ్లయినా మా వంతు రాలేదు. అందుకే విమానం మా ఇంటి గరాజ్‌లోనే ఉంటుంది. నెలకు రెండు శనివారాలు ట్రెయిలర్ మీద ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లి, రెక్కలు తెరిచి, ఎగిరి, మళ్లీ మడిచి ఇంటికి తెచ్చుకుంటాం. ఈ ఆరేళ్లలో నూట నలభై సార్లకు తక్కువ కాకుండా ఆ పిన్నులు తీసి పెట్టాం. ఏడాదికోసారి మడిచేవాళ్ల అవసరం వేరు, మాది వేరు. నా మాటలను ఈ లెక్కలో పెట్టుకుని చదవండి.

విమానం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కట్టినాయన ముందు స్పార్‌కు షాంక్‌లో (కాడలో) రంధ్రం ఉన్న ఏఎన్ బోల్టు (విమానాల ప్రమాణపు బోల్టు), దానికి గాళ్లు ఉన్న కాసిల్ నట్టు, ఆ గాళ్లలోంచి నట్టు తిరగకుండా కాళ్లు వంచే కాటర్ పిన్ను పెట్టాడు. బలానికి వంక పెట్టడానికి లేదు. కానీ ప్రతిసారీ రెండు స్పానర్లు, ఒక ప్లయర్, రెండు కొత్త కాటర్ పిన్నులు కావాలి. టెక్సాస్ ఎండలో తల పైకెత్తి, చెమట కళ్లలోకి కారుతుంటే కాటర్ పిన్ను కాళ్లు వంచడం నాకు విసుగైపోయింది. రెక్కలు రెండూ మడవడానికి అరగంట పట్టేది.

రెండో ఏడాది బాల్ లాక్ పిన్నులు కొన్నాను. తల మీద బటన్ నొక్కితే కొసన ఉన్న రెండు చిన్న ఉక్కు గుండ్లు లోపలికి పోతాయి, వదిలితే బయటికి వచ్చి రంధ్రం అంచు అవతల అడ్డం పడతాయి. పదిహేను నిమిషాల్లో రెక్కలు మడిచి బయలుదేరేవాళ్లం. మా ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వీటిని కొనమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

నాలుగో ఏడాది ఆగస్టులో వార్షిక తనిఖీ జరిగింది. ఈ విమానాన్ని కట్టింది నేను కాదు కాబట్టి, కట్టినవాళ్లకు సొంతంగా తనిఖీ చేసుకోనిచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ అప్పట్లో నాకు లేదు, ఏ అండ్ పీ (లైసెన్సు ఉన్న) మెకానిక్ చూసి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఎడమ రెక్క మొదట్లో కొంచెం ఆట (వదులు) కనిపిస్తోందని ఆయన అన్నారు. పిన్ను దూరే రంధ్రంలోని బుష్ (లోహపు గొట్టం) మార్చాం. తనిఖీ అయిపోయాక పిన్ను తల కింద ఫిటింగ్ అరుగుతున్నట్టు నాకు అనిపించి, అక్కడ ఒక పల్చటి వాషర్ వేశాను. మిల్లీమీటరు కూడా ఉండదు. అది నా పనే, ఆయనకు చెప్పను కూడా లేదు.

అక్టోబరులో ఒక శనివారం నలభై నిమిషాలు ఎగిరి దిగాం. గాలి బాగానే ఉంది, కుదుపులు కూడా ఉన్నాయి. రెక్క చివర పట్టుకోవడానికి నేను వెళ్తుంటే, ఎడమ పిన్ను తాడు స్ట్రట్‌కు (రెక్కను కింద నుంచి బాడీకి కలిపే ఏటవాలు కడ్డీకి) చుట్టుకుందని మా ఆవిడ దాన్ని విడదీయబోయింది. తాడును కాస్త లాగింది, అంతే.

“ఏవండీ, బటన్ నొక్కకుండానే వచ్చేసిందండీ ఇది.”

చూస్తే పిన్ను ఆమె చేతిలో ఉంది. అది విని నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ పిన్నుతోనే మేమిద్దరం ఇప్పుడే వెయ్యి అడుగుల పైన ఉన్నాం.

ఆ సాయంత్రం గరాజ్‌లో పిన్ను ముందు పెట్టుకుని కూర్చుంటే విషయం అర్థమైంది. వాషర్ మందం మేర పిన్ను వెనక్కి వచ్చేసింది. గుండ్లు రంధ్రం దాటి బయటికి రావాల్సింది, రంధ్రం లోపలే గోడకు ఆనుకుని ఉండిపోయాయి. తల వైపు నుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అవతలి కొస రెక్క మొదట్లో ఫెయిరింగ్ (సందును కప్పే పల్చటి తొడుగు) వెనక దాక్కుంటుంది. తేడా ఒక్కచోటే తెలుస్తుంది: గుండ్లు పూర్తిగా బయటికి రాకపోతే బటన్ కూడా పూర్తిగా పైకి రాదు, కొద్దిగా లోపలే ఉండిపోతుంది. ప్రీఫ్లైట్‌లో, అంటే ఎగిరే ముందు చేసే తనిఖీలో, పిన్ను ఉందో లేదో చూశాను గానీ బటన్ ఎత్తు ఏనాడూ చూడలేదు. పెట్టాక ఒకసారి గట్టిగా లాగి చూసినా బయటపడేది. అదీ చేయలేదు.

మరి నలభై నిమిషాలు ఎందుకు ఊడలేదు? గాల్లో రెక్క పైకి లేస్తుంటే స్ట్రట్ ఏటవాలుగా దాన్ని పట్టి లాగుతుంది, దాంతో రెక్క మొదలు బాడీ వైపుకు నొక్కుకుంటుంది. ఆ నొక్కుడులో పిన్ను బిగుసుకుంటుంది. నేల మీద దీనికి వ్యతిరేకం: రెక్క బరువు స్ట్రట్ మీద పడి, మొదలు బయటికి లాగుతుంది. ఒకదాని నుంచి రెండోదానికి మారేటప్పుడు మధ్యలో ఒక క్షణం పిన్ను మీద ఏ బరువూ ఉండదు. టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో, పెద్ద కుదుపు వచ్చినప్పుడు ఆ క్షణం వస్తుంది. ఆ కొద్ది క్షణాల్లో అది జారలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర సరిగ్గా పట్టదు.

తప్పు పిన్నుది కాదు, కొలత చూసుకోని నాది. అయినా మూడేళ్లు వాడినవాడిగా దాని మీద నాకున్న అసంతృప్తి చెప్తాను. అది పట్టిందో లేదో ఇవతలి నుంచి కంటికి కనబడదు. లోపల స్ప్రింగు, కడ్డీ ఉండడానికి షాంక్ మధ్యలో తొలిచి ఉంటుంది కాబట్టి, అదే లోహంతో అదే మందంలో చేసిన గట్టి పిన్నుకు ఉన్నంత బలం దానికి ఉండదు. మా ఊరి దుమ్ము బటన్ సందులోకి పోతే గుండ్లు సోమరిగా కదులుతాయి. గ్రీజు పూస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

అప్పటి నుంచి, అంటే రెండేళ్లకు పైగా వాడుతున్నది మిలిటరీ స్పెక్ క్లెవిస్ పిన్ను, ఎంఎస్ 20392 రకం. గట్టి ఉక్కు ముక్క, ఒక కొస తల, రెండో కొసన అడ్డంగా రంధ్రం. తల ఫెయిరింగ్ వైపుకు, రంధ్రం ఉన్న కొస మన వైపుకు వచ్చేలా పెడతాను. ఆ రంధ్రంలో వాషర్ తర్వాత ఏఎన్ 416 సేఫ్టీ పిన్ను. దాన్ని మొదటిసారి చూసి మా ఆవిడ, “ఇది పిన్నీసే కదండీ” అంది. నిజంగా పిన్నీసే: స్ప్రింగు తీగ, కొసను పట్టే గూడు, మూసుకుంటే మూసుకున్నట్టు కనబడుతుంది, తెరుచుకుంటే పదడుగుల దూరం నుంచి తెలుస్తుంది. మా తాతగారి ఎడ్లబండి చక్రం జారకుండా ఇరుసు కొసకు కొట్టిన చీల చేసేదీ ఇదే పని. బరువు మోసేది ఒకటి, అది జారకుండా చూసేది ఇంకొకటి. బటన్ పిన్నులో ఈ రెండు పనులూ ఒకే వస్తువులో దాక్కున్నాయి. నాకు నచ్చనిది అదే.

పిన్నీసుకూ లోపాలున్నాయి. జనవరి చలిలో బొటనవేలు నొప్పి పుడుతుంది. పదే పదే తెరిస్తే తీగ సాగి గూట్లో వదులవుతుంది, అందుకే ఏడాదికోసారి రెండూ మార్చేస్తాను. కొస తగిలి రెక్క గుడ్డకు ఒకసారి చిన్న చిల్లు పడింది, ప్యాచ్ వేయాల్సి వచ్చింది. సమయం కూడా బటన్ పిన్ను కంటే ఐదారు నిమిషాలు ఎక్కువే. ట్రెయిలర్ షాపుల్లో దొరికే ఆర్ క్లిప్పు (R ఆకారంలో వంచిన తీగ) దీనికంటే సులువుగా పడుతుంది గానీ, గడ్డికో గుడ్డకో తగిలితే అంతే సులువుగా ఊడుతుంది. రెక్కకు అది వద్దు.

వెనక కీలు సంగతి వేరు. అక్కడి బోల్టు మడిచినప్పుడల్లా తిరుగుతుంది. నేను కొన్నప్పుడు దానికి నైలాన్ లాక్ నట్టు ఒక్కటే ఉంది. మెకానిక్ మొదటి తనిఖీలోనే దాన్ని తీయించి కాసిల్ నట్టు, కాటర్ పిన్ను వేయించారు. తిరిగే బోల్టుకు రాపిడితో పట్టే నట్టు ఒక్కటే సరిపోదని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) వాళ్ల మరమ్మతు పద్ధతుల సలహా పత్రం ఏసీ 43.13-1బి లో ఉంది. సర్టిఫైడ్ (ఫ్యాక్టరీలో తయారై ప్రభుత్వ ఆమోదం పొందిన) చిన్న విమానాలకు వర్తించే పాత పార్ట్ 23 నిబంధనల్లో 607వది కూడా ఇదే చెప్పేది. మనలాంటి సొంతంగా కట్టినవి ఎక్స్‌పెరిమెంటల్ వర్గం కాబట్టి ఆ నిబంధన చట్టరీత్యా వర్తించదు, కానీ బోల్టుకు ఆ తేడా తెలియదు. ఇంకొకటి, నైలాన్ నట్టు వేలితోనే చివరిదాకా తిరిగిపోతుంటే దాన్ని పారేయండి.

అలవాట్లు గ్లైడర్ వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లు ట్రెయిలర్ నుంచి దించి ప్రతిసారీ బిగిస్తారు. అంత అనుభవం ఉన్నచోట కూడా లోటెలియే కప్లింగులు (కంట్రోళ్ల కడ్డీలను కలిపే బిగింపులు) ఊడిపోయి ప్రమాదాలు జరిగాయి, ఆ తర్వాతే వాటికి అదనపు సేఫ్టీ తప్పనిసరి చేశారు. బిగించాక ఒకరు కంట్రోల్ సర్ఫేస్ (విమానాన్ని తిప్పే కదిలే రెక్కముక్క) పట్టుకుంటే ఇంకొకరు స్టిక్ కదిపి చూసే పద్ధతి వాళ్లదే. మేం ఇప్పుడు అదే చేస్తున్నాం. పిన్నులు నేను పెడతాను, మా ఆవిడ ఒక్కొక్కటీ లాగి చూసి పైకి లెక్క చెప్తుంది. ఆమె “రెండు” అనకుండా ఇంజిన్ స్టార్ట్ చేయను.

అందుకే నా మాట అందరికీ వర్తించదు. పక్కన ఇంకో మనిషి లేకుండా ఒక్కరే రెక్క చివర మోస్తూ పిన్ను పెట్టేవాళ్లకు బటన్ పిన్నే సుఖం, అందులో అనుమానం లేదు. వాళ్లు గ్రిప్ పొడవు (తల నుంచి గుండ్ల దాకా ఉన్న పొడవు) కొలిచి కొనాలి. వాషరో బుషో మారిస్తే మళ్లీ కొలవాలి. బటన్ పూర్తిగా పైకి వచ్చిందా అని వేలితో తడిమి చూడాలి, తర్వాత లాగి చూడాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు మడిచేవాళ్లైతే కట్టినాయన పెట్టిన బోల్టు, కాసిల్ నట్టే ఉంచుకోండి, నేనైతే అదే ఉంచేవాణ్ణి. నెలకు రెండుసార్లు ఇద్దరం కలిసి మడిచే మాకు పిన్నీసు కుదిరింది.

బాల్ లాక్ పిన్నులు పారేయలేదు. మడిచిన రెక్కలు ట్రెయిలర్ మీద ఊగకుండా పట్టే స్టాండ్లకు వాటినే వాడుతున్నాను, అక్కడ బాగా పనిచేస్తున్నాయి. ఎడమ దానికి మాత్రం ఎర్ర టేపు చుట్టాను, పొరపాటున కూడా రెక్క దగ్గరికి వెళ్లకుండా.