పోలియో చుక్కలా, సూదా: ఏది మేలు?

"చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుందట, పక్కవాళ్లకు అంటుకుంటుందట. సూది వేయిస్తే సరిపోదా?" ఈమధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు.

అంటుకునే మాట నిజమే. చుక్కలు వేసుకున్న బిడ్డ పేగుల్లో ఆ బలహీనపరిచిన వైరస్ పెరిగి, కొన్ని వారాలపాటు మలంలో బయటికొస్తుంది. గుడ్డలు మార్చిన అమ్మ చేతి నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి తమ్ముడి నోటికి చేరుతుంది. చాలాసార్లు తమ్ముడికి అదే టీకా అవుతుంది.

మరి ప్రమాదం ఎక్కడ? పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి; వాటిలో రెండోదైన టైప్ 2 టీకా వైరస్ జన్యువులో 481వ స్థానంలో ఒక్క అక్షరం మారితే దాని బలహీనత చాలావరకు పోతుంది. ఈ మార్పు ఎంతోమంది పిల్లల్లో రోజుల్లోనే వచ్చేస్తుంది. అయినా దాదాపు ఎప్పుడూ ఏమీ కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న పిల్లలకు రక్షణ ఉంటే వైరస్‌కు పోయే చోటుండదు. సగం ఇళ్లకు చుక్కలు అందక మిగిలిపోతే మాత్రం నెలల తరబడి తిరుగుతూ మళ్లీ కాళ్లు పడగొట్టే స్థితికి వస్తుంది. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం ఇదే: చుక్కలు ఎంతమందికి అందాయి, ఎంత త్వరగా అందాయి.

సూదిలో ఉండేది చంపిన వైరస్, కాబట్టి ఎవరికీ అంటదు. పక్షవాతం రాకుండా గట్టిగా కాపాడుతుంది. కానీ పేగుల్ని పెద్దగా కాపాడలేదు. ఇజ్రాయెల్ 2005 నుంచి సూది ఒక్కదానికే మారింది. 2013లో అక్కడి మురుగునీటిలో అసలు పోలియో వైరస్ నెలల తరబడి కనబడింది. ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు, కానీ వైరస్ మాత్రం పేగు నుంచి పేగుకు తిరుగుతూనే ఉంది. చివరికి మళ్లీ చుక్కలే వేయాల్సి వచ్చింది.

అందుకే నా మొగ్గు రెండూ వేయించడం వైపే. వైరస్ తిరుగుతున్న చోట మాత్రం చుక్కలు తప్పవు. టైప్ 2 కోసం 2021 నుంచి వాడుతున్న కొత్త చుక్కల మందులో ఆ మార్పు తేలిగ్గా రాకుండా జన్యువును దిద్దారు. దానితోనూ ముప్పు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. సూది మందుకు కొరత ఉన్నప్పుడు, అందులో ఐదోవంతు డోసును చర్మంలోకి వేసే పద్ధతి పనికొస్తుంది.

పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్న బిడ్డకు మాత్రం చుక్కలు వద్దు, సూది ఒక్కటే. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే మిగతా పిల్లలకు చుక్కలు వేయించే ముందే డాక్టరుకు చెప్పండి.