పంపు మంచిదే, పేచీ అంతా గాలి బుడగ అలారంతోనే

కర్నూలులో ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఎండలు ముదరకముందే మా సారు కొత్త ఇన్ఫ్యూజన్ పంపులు, అంటే సెలైన్, మందులు కొలత ప్రకారం సిరలోకి ఎక్కించే మిషన్లు, తెప్పించారు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే పేరు కంటే దాంట్లో ఏం చూసుకోవాలన్నదే కొనేవాళ్ళకి ముఖ్యం. ఫ్లో రేటు కరెక్టుగా ఉంది, కరెంటు పోయినా బ్యాటరీ మీద ఆగకుండా నడుస్తుంది, వాటి గురించి ఇంక చెప్పను.

ఎయిర్ అలారం సంగతికొద్దాం. ఐవీ సెట్ (బ్యాగు నుంచి పేషెంటు దాకా వేసే గొట్టం) ట్యూబుని పంపు గాడిలో పెట్టి తలుపు మూస్తే, అది కింది వైపు రెండు బుల్లి సెన్సర్ల మధ్య నుంచి పోతుంది. ఒకటి అల్ట్రాసౌండ్ వదులుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో సెలైన్ ఉన్నంతసేపు ఆ తరంగాలు దాటుతాయి, గాలి వస్తే దాటవు, పంపు ఆగిపోయి మోగుతుంది. ఇదే పని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేసే పంపులూ ఉన్నాయి. మరి స్టాండుకి వేలాడదీసే మామూలు సెలైన్‌కి ఇదంతా లేదు కదా అంటారు. అక్కడ బ్యాగు ఖాళీ అయితే ట్యూబులో మిగిలింది కొంత దిగి, రక్తనాళంలో ఒత్తిడికి సమానం కాగానే మామూలుగా నిలబడిపోతుంది, ఒక్కోసారి రక్తమే వెనక్కి ఎక్కుతుంది. పంపుకి అదేం పట్టదు, ట్యూబులో ఏముంటే దాన్నే లోపలికి నెడుతుంది. అందుకే ఈ సెన్సర్ లేని పంపు ఊరికే ఇస్తామన్నా వద్దనండి.

మావి వచ్చినప్పుడు అలారం 50 మైక్రోలీటర్ల దగ్గర పెట్టి ఉంది. పెద్దవాళ్ళకి వాడే, ఎంఎల్‌కి 20 చుక్కలు పడే సెట్‌లో ఒక్క చుక్క అంత. లోపల మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న ట్యూబులో అయితే సెంటీమీటరు కూడా ఉండదు ఆ బుడగ. ఇక మన మే నెల సంగతి చెప్పక్కర్లేదు, ఫ్రిజ్‌లోంచి తీసిన మందు బాటిల్ అలాగే తగిలిస్తే, వెచ్చబడేకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బయటికొచ్చి, మూత తీసిన సోడాలో లాగా ట్యూబు గోడకి సన్నగా అంటుకుంటుంది. అవన్నీ ఒకటై కిందికి జారాయంటే మోతే. నైట్ డ్యూటీలో ఒక బెడ్డు దగ్గర ఆపి తిరిగేలోపు ఇంకో బెడ్డు. అటెండెంట్లకి టెన్షన్, "సిస్టర్, గాలి పోతాంది సూడు, మా నాయనకేమన్నా అయితాదా" అని చెయ్యి పట్టుకుంటారు. మాకేమో అంతకంటే పెద్ద భయం ఉంది, రోజంతా మోగేదాన్ని చూడకుండానే సైలెంట్ నొక్కడం అలవాటైపోతుందని.

చేతి సిరలో పెద్దవాళ్ళకి ఆ చుక్కంత గాలి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోయి మెల్లగా కలిసిపోతుంది. కానీ పసిపిల్లలకి, మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ ఉన్నవాళ్ళకి, గుండెలో రంధ్రం ఉన్నవాళ్ళకి ఈ ధైర్యం చెప్పడానికి లేదు. రంధ్రం ఉంటే చిన్న బుడగ కూడా గుండె ఎడమ వైపుకి దాటి మెదడు దాకా పోవచ్చు. కాబట్టి బెడ్డుని బట్టి మార్చుకునే వీలుండాలి. ఉంది, పాస్‌వర్డ్ వెనకాల! అది చెప్పడానికి కంపెనీ ఇంజనీరు ఎన్ని ఫోన్లు చేయించుకున్నాడో. చివరికి సారు చెప్పినట్టు పెద్దవాళ్ళ బెడ్లకి 100 పెట్టాం, పిల్లలకి 50 అలాగే ఉంచాం, రాత్రుళ్ళు కాస్త ఊపిరి ఆడుతోంది. ఒక్కో బుడగ హద్దులోపలే ఉన్నా 15 నిమిషాల్లో వచ్చినవన్నీ కలిపి లెక్కేసి కూడా మోగుతుంది, ఆ ఫీచరుకి మాత్రం పూర్తి మార్కులు.

అసలు దెబ్బ సెట్ల దగ్గర. కంపెనీ సెట్టు మామూలు సెట్టుకి ఎన్నో రెట్లు రేటు, పోనీ బయటి సెట్టు పెడదామంటే ట్యూబు మందం తేడా వచ్చి సెన్సర్‌కి సరిగ్గా ఆనదు, గాలి లేకపోయినా గాలి అంటుంది. డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్ళు) కారి సెన్సర్ మీద ఎండిపోయినా ఇదే గోల, తుడిస్తే పోతుంది.

ఇంకోటి, కొనేటప్పుడు ఎవరూ చెప్పనిది. సెన్సర్ చూసేది పంపు లోపలున్న ముక్కనే. దాని కింద మనిషి చేతి దాకా ఉన్న ట్యూబు, మధ్యలో త్రీవే (ఇంజెక్షన్ ఇవ్వడానికి పెట్టే మూడు దారుల కుళాయి), వదులు జాయింట్లు, ఇవేవీ దానికి తెలియవు. త్రీవేలోంచి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సిరంజిలో గాలి మిగిలితే పంపు కిక్కురుమనదు.

బుడగ కనిపిస్తే మేము చేసేది, పంపు ఆపి, క్లాంపు వేసి, బుడగకి కింది నుంచి ట్యూబుని పెన్నుకి చుట్టుకుంటూ పైకి, చుక్కలు పడే డ్రిప్ ఛాంబర్‌లోకి తోలడం. ఎక్కువుంటే పేషెంటు నుంచి విడదీసి మాత్రమే బయటికి వదలాలి. ట్యూబులో గాలిని గబగబా నెట్టేసే పర్జ్ బటన్ ఉంది కదా అని తగిలించి ఉండగా నొక్కితే ఆ గాలంతా పోయేది ఎక్కడికి?

డెమోకి వచ్చిన అబ్బాయి సిరంజితో బెత్తెడు గాలి ఎక్కించి మోగించి చూపిస్తాడు, దాన్ని ఏ పంపైనా పడుతుంది. మీరు రోజూ వాడే సెట్టే పెట్టించి, గంటకి 5 ఎంఎల్ మీద సన్న బుడగలతో చూపించమనండి, పాస్‌వర్డ్ కూడా అప్పుడే రాయించుకోండి. నా లెక్కలో ఐదుకి మూడున్నర, సెట్ల రేటు దించితే నాలుగు.