పాత సామాన్లు అమ్మేవాళ్ళకి వేలాడే కాటా: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

కిలోకి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామని వచ్చేవాళ్ళ కాటాని కాస్త జాగ్రత్తగా చూడాలి. పాత పేపర్లు కిలో పన్నెండుకి పోయే వీధిలో ఒకరు పద్నాలుగు ఇస్తామన్నారనుకుందాం. పది కిలోల కట్ట వాళ్ళ కాటాలో ఎనిమిదిన్నర తూగితే చేతికొచ్చేది 119 రూపాయలు. పన్నెండుకే కొని సరిగ్గా తూచేవాళ్ళు 120 ఇస్తారు. మనం బేరమంతా రేటు మీదే ఆడతాం. తూకం మాత్రం ఎదుటివాళ్ళ చేతిలో వదిలేస్తాం.

మూడు నాలుగు వందలకు దొరికే కొక్కెం కాటా (ప్రయాణాల్లో సూట్‌కేసు తూచుకోవడానికి కొనేదే) ఆ లోటు తీరుస్తుంది. ఎన్ని కిలోలు మోస్తుంది, ఎన్ని బ్యాటరీలు పడతాయి అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. కొత్తలో నాకు బాగా నచ్చింది లాక్. కట్ట పైకెత్తి రెండు మూడు క్షణాలు కదపకుండా పట్టుకుంటే అంకె స్క్రీను మీద ఆగిపోతుంది. కట్ట కింద పెట్టాక కూడా పోదు. కొనేవాళ్ళకి అదే అంకె చూపించవచ్చు, నోటిమాటతో పని లేదు.

ఇన్నేళ్ళూ నేను దీన్ని దగ్గర పెట్టుకున్నది మాత్రం మరో సుగుణం వల్ల. ఇది వస్తువుని వేలాడదీసి తూస్తుంది. అంటే నీళ్ళలో ముంచి కూడా తూచొచ్చు. వంటింట్లో పెట్టుకునే బల్ల కాటాకి అలా వేలాడదీయడం కుదరదు. నీళ్ళలో తూస్తే చేతిలో ఉన్నది ఖరీదైన లోహమో చవకదో చాలావరకు తెలిసిపోతుంది. పాత సామాన్లలో అసలు డబ్బులున్నది ఇత్తడి, రాగి, కంచుల్లోనే కాబట్టి ఈ ఒక్క పనికే కాటా ఖరీదు గిట్టుబాటవుతుంది.

బాత్‌రూమ్ బాగు చేయించినప్పుడు విప్పిన కుళాయిలే తీసుకోండి. పైన తళతళలాడే పూత ఉంటుంది. లోపల ఇత్తడి ఉండొచ్చు, చవక జింకు మిశ్రమం ఉండొచ్చు. అయస్కాంతం రెండింటికీ అంటుకోదు. కొనేవాళ్ళు సాధారణంగా 'మిక్సు' అని తక్కువ రేటులో వేసుకుంటారు. ముందు పిడి, లోపలి ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు వాషర్లు, స్ప్రింగులు పీకేయాలి. మిగిలిన లోహపు ఒళ్ళు రెండు మూడు కలిపి సన్నని నైలాన్ దారంతో కట్టాలి. నూలు దారం నీళ్ళు తాగి బరువెక్కుతుంది, వద్దు. కాటాని ఉయ్యాల కొక్కేనికో కిటికీ గ్రిల్లుకో తగిలించి మొదట గాలిలో బరువు చూడాలి. 1.50 కిలోలు వచ్చిందనుకుందాం. తర్వాత నీళ్ళ బకెట్టుని కింద నుంచి పైకి తెచ్చి స్టూలు మీద పెట్టాలి. కాటాని కిందికి దించితే ఊగుతుంది. వస్తువు పూర్తిగా మునగాలి, అడుక్కీ అంచుకీ తగలకూడదు. నీళ్ళలోనే అటూ ఇటూ తిప్పితే గొట్టంలో ఇరుక్కున్న గాలి బుడగలు పైకొచ్చేస్తాయి. ఇప్పుడు 1.32 చూపించిందనుకుందాం. తగ్గింది 180 గ్రాములు. గాలిలో బరువుని ఆ తగ్గినదానితో భాగిస్తే 8.3 వస్తుంది, అంటే అంతే పరిమాణం నీళ్ళ కన్నా అన్ని రెట్లు బరువన్నమాట. అది ఇత్తడే. జింకు మిశ్రమమైతే అదే ఒకటిన్నర కిలోకి 225 గ్రాముల దాకా తగ్గి, లెక్క 6.6, 6.7 దగ్గర ఆగుతుంది.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు కొన్నే. ఇత్తడి 8.3 నుంచి 8.7, రాగి 8.9, స్టీలు 7.8 నుంచి 8, అల్యూమినియం 2.7. కంచు దాదాపు రాగి పక్కనే ఉంటుంది. అందుకే ఇత్తడినీ రాగినీ కంచునీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం ఈ కాటా వల్ల కాదు. ఆ పని కంటితో, ఆకురాయితో గీసి చూసుకోవాల్సిందే. వస్తువు కిలోకి తగ్గితే అయిదు గ్రాముల తేడా కూడా లెక్కని తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి చిన్నవి కలిపే తూచాలి.

కుందుల విషయంలో ఇది ఇంకా అక్కరకొచ్చింది. పొడుగాటి దీపపు కుందుల్లో కొన్నిటి అడుగు భాగం గుల్లగా ఉండి లోపల లక్కో సిమెంటో నింపి ఉంటుంది, నడుమ ఇనప చువ్వ ఉంటుంది. మరలు విప్పి ఏ ముక్కకాముక్క తూచాలి. అడుగు ముక్క లెక్క ఆరు దగ్గర వస్తే లోపల ఏదో ఉందనో గాలి చిక్కుకుందనో అర్థం. తిప్పి ముంచి మళ్ళీ చూశాక కూడా అంతే వస్తే నింపుడు సరుకే. అది తెలిస్తే రెండు మేళ్ళు. కొనేవాళ్ళు ఆ ఒక్క ముక్కని చూపించి మొత్తం మీద తరుగు తీస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు, ఆ ముక్క వరకే తీయమనొచ్చు. మనమూ నింపుడు సరుకుని ఇత్తడి రేటుకి అంటగట్టం.

ఈ నీళ్ళ తూకంలోనే లాక్ సంగతి బయటపడింది. వస్తువు నీళ్ళలో ఊగుతుండగానే ఒక్కోసారి అంకె బిగుసుకుపోతుంది. పేపర్ల కట్ట మోకాలికో నేలకో ఆనుతున్నా అంతే. పూర్తి బరువు కొక్కెం మీద పడకముందే తక్కువ అంకె దగ్గర ఆగిపోతుంది. నష్టం అమ్మేవాళ్ళకే. అందుకని ఒక్క తూకాన్ని నమ్మకూడదు. దించి, సున్నా చేసి, మళ్ళీ ఎత్తాలి. రెండుసార్లు ఒకే అంకె వస్తేనే రాసుకోవాలి.

దీనిమీద నాకున్న పెద్ద కోపం యూనిట్ బటన్ మీద. ఆన్ బటన్ పక్కనే, అదే సైజులో పెట్టారు. కట్ట ఎత్తే హడావిడిలో వేలు తగిలితే కేజీ పోయి పౌండో, చైనావాళ్ళ 'జిన్' కొలతో వస్తుంది. జిన్ అంటే అర కిలో. పౌండు 454 గ్రాములు. ఎనిమిది కిలోల కట్ట పదహారుగానో పదిహేడున్నరగానో కనిపిస్తుంది. పక్కన సన్న అక్షరాలు ఎవరూ చూడరు. నిజాయితీగా తూచే మనిషితో లేనిపోని గొడవ పెట్టించే తప్పు ఇది. ఆ బటన్ మీద గట్టి అట్టముక్క పెట్టి టేపు వేసేయడమే మందు. కొనేటప్పుడే యూనిట్ బటన్ వెనకవైపో బ్యాటరీ మూత లోపలో ఉన్నది దొరికితే ఇంకో యాభై రూపాయలైనా అదే తీసుకోండి.

ఆన్ చేసేటప్పుడు కొక్కెం ఖాళీగా ఉండాలి. సంచి తగిలించి ఉండగా ఆన్ చేస్తే దాన్నే సున్నా అనుకుంటుంది. రాత్రంతా బరువు వేలాడదీసి వదిలేస్తే లోపలి లోహపు పలక సాగి సున్నా పక్కకి జరగొచ్చు. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయాలి. లేకపోతే కారి, తగిలే రేకుల మీద తెల్లటి పొక్కు కడుతుంది. దాన్ని నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక కొత్తవి వేయాలి. బ్యాటరీ నీరసించినా అంకె నిలకడగా ఉండదు.

ఈ కాటా సరిగ్గా ఉందో లేదో అమ్మకానికి ముందు చూసుకోవడానికి కిలో ఉప్పు ప్యాకెట్లు అయిదు చాలు. ఖాళీ సంచి తగిలించి సున్నా చేసి ఒక్కొక్కటే వేస్తూ పోవాలి. కవరు బరువు కాస్త కలుస్తుంది గానీ ప్రతి ప్యాకెట్టుకీ పెరుగుదల ఒకేలా ఉండాలి. ఎక్కువ బరువుల దగ్గర చూడాలంటే కొత్తగా వచ్చిన గ్యాసు సిలిండర్ ఉండనే ఉంది. దాని మీద రాసిన ఖాళీ బరువుకి 14.2 కలిపితే మొత్తం రావాలి, కాస్త అటూ ఇటూగా. చేత్తో ఎత్తొద్దు, గట్టి దూలానికి తగిలించండి.

తూకానికి ముందు చేసే పనుల్లోనూ డబ్బులున్నాయి. కుక్కరుకి పిడులు, గాస్కెట్టు, విజిలు తీసేసి ఒట్టి అల్యూమినియం ఇవ్వండి, తరుగు మాట రాదు. పాత వైరింగు తీగల్ని కాల్చకండి. ఆ పొగ విషం, పైగా కాలి నల్లబడ్డ రాగికి రేటు తగ్గిస్తారు. బ్లేడుతో తొడుగు చీల్చి తీయాలి. 1 చదరపు మిల్లీమీటరు తీగ 90 మీటర్ల చుట్టలో రాగి సుమారు 800 గ్రాములు, ఆ లెక్కన మీ దగ్గరున్న పొడవుకి ఎంత రావాలో ముందే తెలుస్తుంది. ఫ్యాను మోటారు చుట్టలో తీగ కొస గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం, పైన రాగి రంగే. పేపర్లు వానాకాలంలో చెమ్మ పీలుస్తాయి. కొనేవాళ్ళు తడి పేరుతో తీసే కోత అసలు తడి కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి ఎండబెట్టే అమ్మాలి.

తక్కెడతో తూచేవాళ్ళ దగ్గర ఒక్క పని చేయండి. రాయి ఉన్న పళ్ళెంలోకి సరుకు, సరుకు ఉన్న పళ్ళెంలోకి రాయి మార్చమనండి. తక్కెడ సరైనదైతే ముల్లు కదలదు. కిలో రాయితో తూచిన పేపర్లని మళ్ళీ రాయి పక్కనే వేసి రెండు కిలోలు, ఆ పైన నాలుగు అంటూ పోయేవాళ్ళున్నారు. పళ్ళేల్లో చిన్న తేడా ఉంటే అది కూడా అలాగే పెరుగుతూ పోతుంది.

ఒక మాట చెప్పాలి. ఇంటి కాటాకి చట్టం ముందు విలువ లేదు. వ్యాపారంలో వాడే ఎలక్ట్రానిక్ కాటా మీద తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర ఉండాలి. మన దానికి ఆ ముద్ర ఉండదు, కాబట్టి దీని అంకెకే డబ్బు కట్టమని పట్టుబట్టలేం. రెండింటికీ తేడా వస్తే ఉప్పు ప్యాకెట్లు వాళ్ళ కాటా మీదే పెట్టి చూడమనొచ్చు. తిరిగి అమ్ముకునే చిన్న వ్యాపారుల్లో చాలామంది సరిగ్గానే తూస్తారు. వాళ్ళతో ఇది మాట పెరగకుండా చేస్తుంది, అంతే.

ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళకి, అమ్మమ్మల ఇత్తడి సామాను పంచుకునేవాళ్ళకి, ఇల్లు బాగు చేయించి తీగలూ కుళాయిలూ పోగైనవాళ్ళకి ఇది కొనమంటాను. నాకు ఇత్తడి, రాగి తరచుగా చేతికొస్తాయి కాబట్టి ఇంత మెచ్చుకుంటున్నాను. నెలకోసారి పేపర్లు, పాల కవర్లు మాత్రమే వేసే ఇంట్లో దీని ఖరీదు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. వాళ్ళు పక్కింటివాళ్ళది అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. గంగాళాలు, ఉయ్యాల గొలుసులు, పనితనమున్న పాత్రలైతే అసలు తూకానికి వేయకండి, వస్తువుగా కొనేవాళ్ళని వెతకండి. ఇన్వర్టర్ బ్యాటరీని ఈ కొక్కేనికి తగిలించనే వద్దు. ఒరిగితే యాసిడ్ ఒలుకుతుంది, ఆ బరువుకి పిడి తెగొచ్చు. దాన్ని కొత్త బ్యాటరీ కొనే కొట్లోనే ఇచ్చి బిల్లులో తగ్గించుకోవాలి.